పుట్టింటోళ్ళు

మా బడి గోడ మీద ఆఫ్రికా, గుడ్డ పటం.
నేను చేరిన ఏడు చిత్తూరు ఆఫీసు నుంచి
బస్సు టాపు మీద వచ్చింది.
మడత పడిన చోట నైలు నది తెగిపోయింది.
కాంగో మీద బల్లి గుడ్ల మరక.
సహారా మాత్రం ఎప్పుడూ శుభ్రమే,
అక్కడికి ఏ పిల్లోడి వేలూ పోదు.

ముప్పై ఒక్క ఏడు కర్ర పట్టుకుని చూపించినాను.
ఇక్కడ వజ్రాలు, ఇక్కడ కోకో, ఇదిగో బంగారం.
మనుషుల గురించి పుస్తకంలో నాలుగే వరుసలు,
వాటినీ గబగబా దాటేసేవాణ్ణి,
పరీక్షలో రావు కాబట్టి.

"ఆఫ్రికా దేశంలో" అని రాసిన పెరుమాళ్ళుకి
స్కేలుతో అరచేతి మీద రెండు.
దేశం కాదురా, ఖండం.
వాడు చెయ్యి చంకలో దాచుకుని అడిగినాడు:
"గీతలు అంత తిన్నగా ఎందుకుండాయి సార్?
మా చేని గట్టు కూడా అంత తిన్నగా లేదే?"
జవాబు నాకు తెలుసు.
ఎక్కడో చలిదేశంలో ఒక గది, బల్ల చుట్టూ దొరలు,
వాళ్ళ చేతిలోనూ ఇట్లాంటి స్కేలే.
చెప్పలేదు. గంట కొట్టేసినారు.

రిటైరైన మూడో ఏడు, కార్తీకంలో,
పలమనేరు దాటి బైరెడ్డిపల్లె దారిలో
చెంగమ్మ రాగి చేను కోస్తా ఉంటే
తిరుపతి యూనివర్సిటీ జీపులోంచి దిగిందొక పిల్ల.
పేరు మెసెరెట్. ఇథియోపియా. విత్తనాల మీద పరిశోధన.
ఇంగ్లీషొచ్చిన ముసలోణ్ణి కదా,
దుబాసీ పని నాకు తగిలించినారు.

నోటుపుస్తకం తీయలేదు ఆమె.
చేలోకి దిగి ఒక వెన్ను పట్టుకునింది,
పసిబిడ్డ పిడికిలి పట్టుకున్నట్టు.
ఒక్కొక్క వేలే విప్పి చూసింది.
"దగుసా," అనింది.
మళ్ళీ, మాతో కాదు, వెన్నుతోనే: "దగుసా."

"ఏమంటా ఉండాది?"
వాళ్ళ కొండల్లో రాగికి అదే పేరంట చెంగమ్మా.
"వాళ్ళకీ రాగులుండాయా?
మన విత్తనం ఎవరిచ్చినారంట?"

ఎట్లా చెప్పేది?
ఏ పడవ అడుగునో, ఎవరి నడుం సంచిలోనో,
వేల ఏండ్ల కిందట అక్కణ్ణించే వచ్చిందని.
ఆముదమూ అట్లే. చింత కూడా.
చాకలి మునెప్ప గాడిద ముత్తాతలూ ఆ దిక్కువాళ్ళేనని.
నా కర్ర ఒక్కనాడూ ఆ దారిలో నడవలేదు.
బంగారం చూపించింది, సంగటి చూపించలేదు.

మొత్తానికి చెప్పినాను.
చెంగమ్మ కొడవలి గట్టు మీద పెట్టి
ఆ పిల్లని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.
"అయితే రాగికి పుట్టింటోళ్ళన్న మాట!
ఇన్నాళ్ళకా రావడం?"

మధ్యాన్నం సంగటి, ఊరిబిండి.
ముద్ద నడిమిన బొటనవేలితో గుంట చేసి
నెయ్యి కోసం ఆగింది మెసెరెట్.
ఎవరూ నేర్పలేదు.
వాళ్ళవ్వ మాట చెప్పింది. వానలు లేని ఏడు
గోడలో కుండ దాచి, దాని మీద మట్టి మెత్తి,
ఇద్దరు బిడ్డలు పోయినా విత్తనం ముట్టలేదంట.
నేను తెలుగు చెయ్యకముందే
చెంగమ్మ చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.
కరువు అనే మాటకి దుబాసీ అక్కర్లేకపోయింది.

పోయేటప్పుడు కాగితం కవర్లో గింజలు పోసి
పైన రాసుకునింది: తేదీ, ఎత్తు, మన్ను రంగు.
ఊరి పేరు అడిగితే చెంగమ్మ "మిట్ట చేను" అనింది.
అదే రాసుకునింది.

ఇంకో పిడికెడు, గుడ్డపేలికలో మూటగట్టి:
"ఇది చదువుకి కాదు. ఒకసారి పుట్టిల్లు చూసి రానీ."
విమానంలో ఒప్పుకోరు, కాగితాలు కావాల, దేశాల మధ్య
చట్టాలుండాయి అన్నాను.
"వచ్చేటప్పుడు ఎవర్నడిగి వచ్చిందంట?"

ఈ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు.
మెసెరెట్ మూటను చూసింది, నన్ను చూసింది.
నేను గట్టు వైపు తిరిగినాను.
చింతచెట్టు దగ్గర ఒక వంపు, బండ దగ్గర ఇంకొకటి.
పెరుమాళ్ళు చెప్పింది నిజమే,
ఎక్కడా తిన్నగా లేదు.