కాలు తీస్తే

ట్రాము నడిపేవాళ్ళ కాలి కింద ఒక పెడలుంటుంది.
బండిని ఉరికించడానికి కాదు, ఆపడానికీ కాదు,
మనిషి ఇంకా ఉందని బండికి చెప్పడానికి.
కాలు తీస్తే కాసేపట్లో అంతా ఆగిపోతుంది.
ఇరవై రెండేళ్ళుగా కాసెల్ నగరమంతా తిరుగుతూ
ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను అని
కుడిపాదంతో చెబుతూనే ఉంది గుడ్రున్.

శనివారం. తమ్ముడు హార్ట్‌ముట్ పాత కారు.
ఆమె ఒళ్ళో ఉడికిన గుడ్లు, నల్లరొట్టె, ఉప్పు పొట్లం.
మలుపు మలుపుకీ పాదం నేలను నొక్కుతోంది.
"అక్కా, అక్కడేం లేదు. అది పట్టా."
"తెలుసురా," అంది. నొక్కింది.

గోధుమ ఇంకా పచ్చిగానే ఉంది.
గాలి దాని మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి
పిల్లి వీపు నిమిరినట్టు.
రోడ్డు పక్క ఒక బల్ల, దాని మీద చెర్రీ బుట్టలు,
ఒక రేకుడబ్బా. మనిషి లేడు.
బుట్ట నాలుగు యూరోలని సుద్దతో రాసుంది.
ఇద్దరి జేబులూ దులిపితే మూడున్నర.
హార్ట్‌ముట్ అటూ ఇటూ చూసి
"మిగతాది రేపిస్తాం," అన్నాడు
బల్లతోనే, టోపీ తీసి.

నది పేరు వెర్రా.
మన చెవికి వెర్రిదనిపిస్తుంది గానీ
అంత బుద్ధిమంతురాలిని నేను చూడలేదు,
బాతుల్ని లేపకుండా వంతెన కింద నుంచి వంగి వెళ్ళింది.

ఊళ్ళో ఇళ్ళకి కొయ్య ఎముకలు బయటికే కనిపిస్తాయి.
నాలుగొందల ఏళ్ళుగా ఒకదాని భుజం మీద ఒకటి వాలి
పడిపోవడం వాయిదా వేసుకుంటున్నాయి.
ఒక దూలం మీద వడ్రంగి చెక్కి పోయాడు:
కట్టినవాడికి అప్పు, చూసేవాడికి అందం.
"వడ్డీ ఎంతో రాయలేదే," అంది గుడ్రున్.

సత్రం నడిపే ఫ్రావు హెన్నెబెర్గ్
తాళంచెవితో పాటు ఒక హెచ్చరిక ఇచ్చింది.
"పావుగంటకోసారి చర్చి గంట కొడుతుంది.
మొదటి రాత్రి నిద్ర పట్టదు.
రెండో రాత్రికి మీరెలాగూ ఉండరు."
పట్టింది. వేళ సంగతి గంటే చూసుకుంటుంటే
ఆమె లెక్క మానేసి ఎనిమిదింటిదాకా పడుకుంది,
మంచం కింద చెప్పులు చెరో దిక్కు చూస్తూ.

ఆదివారం. గడ్డి కోసే యంత్రం కూడా నోరెత్తని రోజు.
కాఫీ తాగి సందులో నడుస్తుంటే
పదేళ్ళ కుర్రాడొకడు మోకాళ్ళ మీద కూచుని
రాళ్ళ మధ్య అరచేతంత ఇత్తడి పలకను తోముతున్నాడు.
అరిగిన టూత్‌బ్రష్షు, సగం కోసిన నిమ్మకాయ.
"ఈ నెల మా వంతు," అన్నాడు తలెత్తకుండా.
"వానకి నల్లబడిపోతుంది."

పలక మీద: ఇక్కడ ఉండేది.
ఒక పేరు. పుట్టిన ఏడు. రైలెక్కించిన ఏడు.
తర్వాత ఒక ఊరు,
దాని పక్కన ఏడు లేదు.

అడుగు వెయ్యబోయిన గుడ్రున్ పాదం
గాలిలోనే ఉండిపోయింది,
తమ్ముడి మోచెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.

కోటగోడ మీద గుడ్లు ఒలుచుకుంటూ,
చాలాసేపటి తర్వాత, గుడ్డు వైపే చూస్తూ,
"ఆ బండీ ఎవరో నడిపిందే కదరా," అంది,
"దారిలో ఎక్కడా కాలు తీయకుండా."
హార్ట్‌ముట్ ఉప్పు పొట్లం అందించాడు.

సాయంత్రం తిరుగుదారిలో బల్ల ఉంది, బుట్టల్లేవు.
యాభై సెంట్ల బిళ్ళ డబ్బాలో పడ్డ చప్పుడుకి
గోధుమలోంచి ఏదో పిట్ట లేచింది.

ఆమె చెప్పులు విప్పింది.
రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని
నిన్నటి చెర్రీలు తింటూ
గింజలు ఒక్కొక్కటీ కిటికీలోంచి ఊసింది.
కారు వెళుతూనే ఉంది.