ఘాటు

గుంటూరులో అల లేదు.
శ్యామలానగర్ డాబా మీద
చిరిగిన పరుపు పరిచి, అదే బోర్డనుకుంటాను.
బోర్లా పడుకోవాలి. అరచేతులు ఛాతీ పక్కన.
ఒక్క ఊపులో రెండు పాదాలూ కిందికి రావాలి.
మోకాలు ఆనితే లెక్కలోకి రాదంటాడు పోలేశు.
నాది రోజూ ఆనుతుంది.
"ఏంటండీ ఆ దబదబ?" కింది వాటా ఆవిడ.
"కారం దంచుతున్నా."

ఆదివారం తొలి బస్సుకి బాపట్ల, ఆటోలో సూర్యలంక.
అరగంట నీళ్ళు ముట్టనివ్వడు.
చూడు, అంటాడు. అంతే.

పడమటి గాలికి అల నిటారుగా నిలబడుతుంది,
తూర్పుకి తిరిగిందా, నలిగిన పంచె.
అలలు చుట్టాల్లా గుంపుగా దిగుతాయి,
దాన్ని సెట్ అంటారట.
వాళ్ళు వెళ్ళాక ఇల్లు సద్దుమణుగుతుందే,
ఆ తెరిపిలోనే లోపలికి పోవాలి.
నురగ లేని నున్నటి సందు కనిపిస్తే
దారి అనుకోకు, అది లాక్కుపోయే వాగు.
చిక్కితే ఎదురీదకు, ఒడ్డు వెంట పక్కకి ఈదు.
ఇది మాత్రం మూడుసార్లు చెప్పించుకున్నాడు నాచేత.

నలభై మూడేళ్ళ నన్ను
నిన్న నడుం లోతులో నురగొకటి వెనకనించి తోసింది.
మోకాలు ఆనలేదు!
నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు
నీటి మీద నిలబడ్డాను.
తర్వాత పాదాలకేసి చూసుకున్నాను.
చూసినచోటికే పోతాం కదా,
కాలితాడూ నేనూ బోర్డూ ఒకే ముద్ద.

సోమవారం. మిర్చి యార్డు.
కాటా మీద బస్తా చూద్దామని వంగితే
ముక్కులోంచి బొటబొటా ఉప్పునీళ్ళు.
"ఘాటెక్కువుందా సారూ, ఈ లాటు?" అన్నాడు హమాలీ వీరాస్వామి.

చాలా, అన్నాను.