పొల్లు

మైనస్ ఎనభై ఫ్రీజర్ ఖాళీ చేస్తున్నాం ఇవాళ.
ఇస్తారి ఒక్కో డబ్బా తీసి
తువ్వాలతో మంచు తుడిచి నంబరు చదువుతాడు,
నేను రిజిస్టర్లో కొట్టేస్తాను.
శుక్రవారం నా రిటైర్మెంటు.
ఇరవై తొమ్మిదేళ్ళు
రెండు బీరువాలంత చలిలో పట్టాయి.

"అరవై నాలుగు. ఎర్రగడ్డ దవాఖాన" అన్నాడు.
పెన్ను ఆగింది.

అప్పట్లో తార్నాకలో
వారానికి ఆరు డజన్ల గుడ్లు కొనేదాన్ని.
హాస్టల్ నడుపుతున్నాననుకున్నాడు కొట్టు హబీబ్.
"పిల్లలు మంచిగ తింటున్నరా మేడం?"
తింటున్నాయి.
సొనలో ఆకుపచ్చ రంగు కలిపి
సీసాలో ఏటవాలుగా గడ్డకట్టిస్తే
ఆరు వారాలకు గానీ కంటికి ఆనేవి కావు,
గోడకు బొంబాయి రవ్వ అంటుకున్నట్టు
గరుగ్గా, లేత పసుపుగా.
తొందర తెలీని జీవి.
దగ్గునెక్కి దేశాలు తిరిగింది
నన్ను మాత్రం ఒకే స్టూలు మీద కూర్చోబెట్టింది.

అరవై నాలుగుకి ఒక పేరుంది.
రాయకూడదు. ఇక్కడా రాయను.
లాడ్ బజారు వెనక గల్లీలో
వేడి లక్క మీద రాళ్ళద్దే మనిషి,
సాయంత్రాలు పిల్లలకు ఖాయిదా చెప్పేది.
నెత్తురు తీస్తుంటే అడిగింది,
"ఇంత దినం లోపల ఉండి అది ఏం చేస్తది అమ్మా?"

కాగితం మీద 'క' రాసి చూపించాను.
అక్షరాన్ని చెరపదు, కొట్టేయదు.
నెత్తి మీద చిన్న పొల్లు పెడుతుంది, అంతే.
చూడు, క్.
అక్షరం అక్కడే ఉంది,
గొంతు లేదు.
నీ ఒంట్లో కావలి కాసే మాటలన్నిటి మీదా
అట్లా పెట్టుకుంటూ పోతుంది.

ఆమె కాసేపు చూసింది.
"మా దాంట్ల దీన్ని సుకూన్ అంటరు" అంది,
"నెమ్మది అని కూడా అదే మాట."

నేను పరీక్ష నాళికలో వెతుకుతున్నదాన్ని
ఆమె బాల్యం నుంచీ
పిల్లల నోట పలికిస్తోంది.

తర్వాతవి చెప్పుకోదగ్గవి కావు.
ఒక ఆగస్టు వానకి మూడు రాత్రులు కరెంటు లేదు,
జనరేటర్ మొరాయించింది, సగం డబ్బాలు నీళ్ళయ్యాయి.
తప్పు యాంటీబాడీతో రెండేళ్ళు
లేని గీతను ఉందనుకుని మురిశాను.
ఉన్న గీత దొరికిన రోజు
చెప్పుకోడానికి ఇస్తారి ఒక్కడే ఉన్నాడు.
"ఇదేనా మేడం?" అన్నాడు, బూడిదరంగు మచ్చను చూసి.
ఇదే.

ఆరునెలల మందులకు ఆమె కళ్ళె తేటపడింది.
రెండేళ్ళ తర్వాత మళ్ళీ నెత్తురిచ్చింది.
పురుగు పోయింది
పొల్లు పోలేదు.
కణం తన జబ్బును
పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"నాకు తక్కువైనట్టేనా?" అంది.
అయినట్టే అన్నాను.
ఆ 'ట్టే' ఇంకా నాలిక మీద ఉంది.

పేపరు మూడుసార్లు తిరిగొచ్చింది,
నమూనా చిన్నది అని.
పదకొండు మంది. చిన్నదే.
పదకొండు మందిలో ఒక్కరు
పొడుగు చేతుల జాకెట్టు మడిచి
నా బల్ల మీద ఆరు లక్క గాజులు పెట్టి వెళ్ళారు.
దాన్ని ఏ పట్టికలో చూపించాలి?

నా చేతి మీదా పొడిచారు ఒకసారి,
పద్నాలుగు మిల్లీమీటర్ల ఎర్రటి బొబ్బ.
అంటే నాలోనూ ఎక్కడో
అది కునుకు తీస్తోంది.
ఇన్నేళ్ళూ దాన్ని చదివాను,
అదేమో నన్ను చదువుతూ
ఎక్కడెక్కడ పొల్లు పెట్టుకుందో.

"కొట్టేద్దమా?" ఇస్తారి అడిగాడు.
చేతి తొడుగు మీద మంచు కరిగి చుక్క పడింది.
కొట్టేశాను.
ఆటోక్లేవ్ మూత బిగించాడు.
ఆవిరి ఈల వేసేదాకా
ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

సాయంత్రం కొట్టులో హబీబ్ కొడుకు,
తండ్రి గొంతే,
"ఆరు డజన్లా మేడం?"

రెండు గుడ్లు చాలు అన్నాను.