ఆగస్టు పేజీ

రాతి మీద ఎర్రరంగు చుక్కలు మూడు.
స్టాండు కాళ్లు ఎక్కడ ఆనాలో మర్చిపోకుండా
మా గురువు మెల్కియోర్ పెట్టిపోయినవి.
ఇక్కడ నిలబడితే చాలు,
హిమానీనదమే నడుచుకుంటూ వచ్చి
ఫ్రేములో కూర్చుంటుంది, అనేవాడు.

ఈ ఏడూ అక్కడే నిలబడ్డాను.
ఫ్రేములో బూడిదరంగు రాళ్లగుట్ట,
నిరుడు లేని ఒక చెరువు,
బియ్యం కడిగిన నీళ్ల రంగులో.
మంచు కావాలంటే ఇంకో గంటన్నర ఎక్కాలి.
ఎక్కాను. మోకాళ్లు దారంతా తిట్టాయి.

పైన థియోడుల్ బొంత కుడుతున్నాడు.
గోనెలు కుట్టే దబ్బనం, నైలాను దారం,
చుట్టూ గదంత గదంత తెల్ల దుప్పట్లు
మంచు మీద పరిచి, ఇసుక మూటలు పెట్టి.
చలికాలపు గాలి చింపినవాటికి
జూన్ నుంచీ అతుకులేస్తూనే ఉంటాడు.
పిల్లలకి కప్పేది వేడి పోకుండా,
ఇతను కప్పేది వేడి రాకుండా.
దగ్గరికెళితే తడిసిన కుక్క వాసన.

"మళ్లీ కేలెండరుకేనా?" తలెత్తలేదు.
అవునన్నాను. పాల కంపెనీది.
ఇరవై రెండేళ్లుగా ఆగస్టు నాది.

"నిరుటిది మా వంటింట్లో వేలాడుతోంది.
అందులో నా దుప్పట్లు లేవు."

నాలుక కరుచుకున్నాను.
సంపాదకురాలు అన్నమాట చెప్పాను:
కట్లు కట్టిన కొండని
పొద్దున్నే ఎవరు చూస్తారు, తీసెయ్.
తీసేశాను. తెర మీద ఒక గుండ్రటి బ్రష్షు.
కాఫీ చల్లారేలోపు అయిపోయింది
ఎకరం దుప్పటి, ముగ్గురు మనుషుల వేసవి.

"మరి ఆ తెల్లటి మంచు ఎక్కడిది?"

పాత ఫొటోలోంచి తెచ్చి అతికించాను.
పదిహేనేళ్ల కిందటి ఆగస్టు.
అదీ నేను తీసిందే. దొంగతనమేం కాదు.

థియోడుల్ దారాన్ని పంటితో తెంపాడు.
"అయితే ఇక్కడ కూడా కాస్త అతికించకూడదూ?"
అన్నాడు, చిరుగు నా వైపు తిప్పి.

వెటకారమో బతిమాలడమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

అంచు పట్టుకోమంటే పట్టుకున్నాను.
నీళ్లు తాగిన గుడ్డ,
ఇద్దరం లాగినా జానెడు కదల్లేదు.
అరికాళ్ల కింద ఎక్కడో లోతున
ఎవరో కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి
పడుకున్నట్టు చప్పుడు.
ఇద్దరం విన్నాం.
అతను దబ్బనంలోకి దారం ఎక్కించుకున్నాడు.

సాయంత్రపు ఎండ కొండకి తేనె పూసింది.
మాకు డబ్బులొచ్చే వేళ అదే.
ఒక్కటే తీశాను:
అతుకులు, ఇసుక మూటలు, దబ్బనం పట్టిన చెయ్యి,
దుప్పటి చివర అరచేతి వెడల్పున
మిగిలిన నీలం.

వచ్చేస్తూ అడిగాను,
కొత్త చుక్కలు ఎక్కడ పెట్టమంటావని,
కారులో రంగు డబ్బా ఉందని.
"రంగెందుకు? పెన్సిలు చాలు" అన్నాడు.

ఏడో మలుపు దగ్గర సిగ్నలు దొరికింది.
ఫొటో పంపాను. రెండు నిమిషాలైనా పట్టలేదు:
బాగుంది, కానీ ఈసారికి
ఆగస్టులో ఆవుల్ని వేసుకుందాం.

ఆవులకేం, మంచివే.
హెడ్‌లైట్లు వేసుకుని దిగుతున్నాను
మలుపు తర్వాత మలుపు,
నాతోపాటే పెట్రోలు ముల్లూ కిందికి.
కిటికీలు దించినా పోవడం లేదు
చేతులకంటిన తడికుక్క వాసన.