నీళ్ళా, గాలా

ఒంగోలు కర్నూలు రోడ్డులో జిలానీ కొట్టు.
కౌంటరు మీద రెండు పెట్టెలు పెట్టించుకుని
ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాను,
చున్నీ వీపుకి అతుక్కుపోయి.

ఒకదాంట్లో ఫ్యాను, దాని వెనక
పేకముక్కలు నిలబెట్టినట్టు అల్యూమినియం రేకులు.
ఇంకోదాంట్లో రెండు నల్లటి గొట్టాలు, ఒక రేడియేటరు,
గుప్పిట్లో పట్టే పంపు.
"లోపల నీళ్ళు తిరుగుతా ఉంటాయమ్మా,
పైగా లైట్లు" అన్నాడు జిలానీ,
లైట్ల దగ్గర గొంతు పెంచి.

తేడా ఆరు వేలు.
ఎండాకాలం మా వీధికి పది ట్యాంకర్లు.
లెక్క దానంతటదే పడింది, నేను వెయ్యలేదు.

మిగతావన్నీ వచ్చేశాయి.
బోర్డు దసరా బోనస్‌తో,
ర్యామ్ చీటీ పాడి,
ప్రాసెసర్ నా చెవి కమ్మలతో. అమ్మకి ఇంకా తెలియదు,
జుట్టు చెవుల మీదికి దువ్వుకుంటున్నాను.
చల్లదనం ఒక్కటే మిగిలింది.

చీమకుర్తి వాళ్ళకి నీళ్ళ చల్లదనం కొత్తేం కాదు.
ఫ్యాక్టరీలో రంపం బిళ్ళ మీద పొద్దస్తమానం ధార.
నల్లరాయి తెగిన చోట బంగారు చుక్కలు తేలతాయి,
నీళ్ళు బూడిదరంగు పాలై కాలవ కడతాయి.
ఆఫీసు గదిలో కొలతలు ఎక్కిస్తూనే
ధార చప్పుడు విని షిఫ్టు ఎవరిదో చెప్పేస్తాను.

మాలకొండయ్య బాబాయిని అడిగాను.
బిళ్ళ ముందు ఇరవై రెండేళ్ళు, కుడిచెవి పోయింది.
ఎడమచెవి దగ్గర అరిచి చెబితే
బీడీ ఆర్పి ఆలోచించాడు. నవ్వలేదు.
"నీళ్ళు మంచియ్యే అమ్మాయ్.
ఆగినాయని నీకు చెప్పేదెవరు?
ఫ్యానంటే ఆగితే కంటికి కనపడుద్ది."

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం
మోటారు కాలి ధార ఆగింది. బిళ్ళ ఆగలేదు.
ఎగిరొచ్చిన ఇనప్పలుకు
ముంజేతి మీద చిక్కుడుగింజంత మచ్చ చేసింది.
అదేం చెప్పలేదాయన. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

సరే, గాలి అనుకుందామా?
మా ఊళ్ళో పెరుగు మీద మీగడ కంటే ముందు
రాతిపొడి కడుతుంది.
ఆసుపత్రిలో నాన్న ఎక్స్‌రే వెలుగుకెత్తి
డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు.
ఆ గాలేనా దీని ముక్కుకీ?

రెండు రాత్రులు నిద్ర లేదు.
తర్వాత పెట్టె మీది బొమ్మ మళ్ళీ చూస్తే అర్థమైంది:
రేడియేటరుకీ ఫ్యాన్లే ఉన్నాయి.
నీళ్ళైనా మోసుకొచ్చిన వేడిని
చివరికి ఈ గాలికే అప్పజెప్పాలి.
ఇంత దూరం తిరిగి అక్కడికే అయితే
మధ్యలో పంపెందుకు?

ఫ్యానే కొన్నాను.
జిలానీ మొహం కొంచెం చిన్నబోయింది.

అటక మీద ఒక పెట్టె నిండా మాస్కులు,
కంపెనీ ఇచ్చినవి, ఊపిరాడదని నాన్న కట్టుకోనివి.
విప్పి, కలిపి కుట్టి, గాలి పీల్చే వైపు బిగించాను.
మొదటిసారి స్విచ్ నొక్కితే
ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది,
కాసేపు నాకు కాళ్ళు నేల మీద లేవు.
అంకె ఎక్కుతూనే ఉంది.
ఎనభై. ఎనభై ఆరు. తొంభై ఒకటి.
మంచం మీంచి నాన్న అన్నాడు:
"దానికీ ఆడటంలా."

మాస్కులు పీకేసి చిరిగిన దోమతెర ముక్క కట్టాను,
రెండు మడతలు.
డెబ్బై మూడు దగ్గర నిలబడింది.
బయట నలభై నాలుగు.

నాన్నకి ఆ అంకె ఇప్పుడొక అలవాటు.
దగ్గు మధ్యలో "ఎంత?" అంటాడు, చెబుతాను.
చిన్నదైతే తనేదో గెలిచినట్టు తల ఊపుతాడు.

ఆదివారం దోమతెర విప్పి దులుపుతాను,
పెరట్లో, తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని.
తలుపు గడియ బయటినుంచి వేసి,
సాయం చేస్తానని ఆయన వచ్చెయ్యకుండా.