చివరి డబ్బా

మిల్లుల రేడియో పొద్దంతా మోగుతనే ఉంటది.
ఆ పాటలల్ల ఎవలో ఒకలు ఎవలకోసమో
మబ్బుతోని కబురు పంపుతరు,
చందమామను నిలదీస్తరు.
పత్తి ఏరుకుంట నేను వింట.
మబ్బు మా జమ్మికుంట మీద ఆగుతదా ఏంది?
పత్తి తడుస్తదని మార్కెట్ల అందరు
దాన్ని తిట్టి పంపిస్తరు.

నాకున్నది మూడు నలభై బొగ్గు బండి.
మూడు నలభై అని పేరుకే,
గూడ్సుకు టైమెక్కడిది?
"రామగుండం దాటిన" అని ఫోన్ల ఒక్కమాట అంటవు,
ఇగ నా చేతులు పనిజెయ్యయి.
సారంగపాణి గేటు దించుడు మొదలువెట్టంగనే
కొంగుకంటిన దూది దులుపుకుంట ఉరుకుత.

పాటలల్ల మొగడు ముందుగాల్నే అగుపిస్తడు.
నువ్వు అందరికన్న ఆఖర్న.
ఇంజను కూత, అండ్ల ఎవలో తెల్వని డ్రైవరు,
ఇగ డబ్బాలు.
ఒకటి, రెండు, పదకొండు,
ముప్పై కాడ లెక్క తప్పి మళ్ల అందుకుంట.
బొగ్గు దుమ్ము కండ్లల్ల వడ్తది,
పక్కపొంటి ఆడోళ్లు ఏడుపనుకుంటరు.
యాభై ఎనిమిది.
తర్వాత నువ్వు.

పచ్చ జెండా. చెమట అంగీ.
బువ్వ తిన్నవా అని పెదవులతోనే అడుగుతవు,
నేను తలూపేసరికి
ఉప్పల్ దిక్కు సన్నగై పోతవు.

నిండు బండైతే మెల్లగ పోతది,
నిన్ను జూసుడు జరసేపు ఎక్కువ.
ఖాళీ బండి దడదడ ఉరుకుతది.
అందుకే కొబ్బరికాయ కొట్టినప్పుడల్ల
గనులల్ల బొగ్గు మస్తు ఎల్లాలె అని మొక్కుత.
మొగని మీద పాణం కొట్టుకునే ఏ ఆడిదన్న
గిట్ల మొక్కిందా?

నాలుగేండ్లాయె పెండ్లై.
నీ నిద్రలన్ని బల్లార్ష రన్నింగ్ రూములనే.
మన మంచం మీద నీ దిక్కు దుప్పటికి
ఉతికి మడిచిన గీతలు అట్లనే ఉన్నయి.
నీకు తెల్వది, ఒకసారి నేనే ఆ గీతల మీద పండుకొని
చెరిపి చూసిన.
మల్ల నేనే సదిరిన.

మొన్న సోమారం లెక్క తప్పలె.
యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది.
తర్వాత నువ్వు లేవు.
నువ్వు నిలబడే డబ్బానే లేదు.
ఆఖరి బోగీ ఎనుక
టిఫిన్ బాక్సంత పెట్టె ఒకటి,
దానికి ఎర్ర లైటు,
ఎవలనో పిలుస్తున్నట్టు
ఎలుగుకుంట ఆరుకుంట పోయింది.

రాత్రి ఫోన్ చేసినవు.
గార్డులు లేకుంటనే నడుపుతున్నరు కొన్ని బండ్లు,
నన్ను డోర్నకల్ దిక్కు ఏసిన్రు అన్నవు.
పైసల మాట, పోపు గింజల మాట,
అమ్మకు మందుల మాట మాట్లాడుకున్నం.
పెట్టేముందు ఇద్దరం కొంచెం సేపు
ఊకెనే పట్టుకొని ఉన్నం ఫోను.

ఇయ్యాల గూడ పోయిన గేటు కాడికి.
అలవాటైన కాళ్లు, ఏం జేస్త.
యాభై ఎనిమిది అయినంక
యాభై తొమ్మిది అన్న, పైకే.
సారంగపాణి ఇటు జూసి మల్ల అటు తిరిగిండు.
గేటు ఎప్పుడు లేపిండో,
ఎనుక పత్తి ట్రాక్టర్లు హారన్ కొడ్తున్నయి.