కాగు

సంఘం పుస్తకాలు నాలుగు, ఒక అట్టపెట్టెలో.
మొదటిదాన్ని ఎలుకలు ఓ మూల ఆరగించాయి.
డర్హమ్ బొగ్గుగనుల సీమలో, హార్ల్‌బెక్ అనే ఈ చిన్న ఊళ్ళో
మెథడిస్టు సంఘానికి నేను కార్యదర్శిని.
గొప్పతనం వల్ల కాదు లెండి,
మిగతా ఐదుగురికీ కళ్ళద్దాలు పెట్టినా అక్షరాలు ఆనవు.

పద్దెనిమిది వందల అరవై ఏడు.
మొదటి పేజీ అంతా ఇటుకల లెక్క.
పగలు గనిలో, రాత్రి లాంతరు వెలుగులో గోడ మీద.
జేబెజ్ థర్ల్‌వెల్, ఇరవై రాత్రులు.
అతని కొడుకు, పన్నెండేళ్ళు,
'సగం మనిషి' లెక్కన పది.
గంటకి డబ్బు చాలలేదు.
గని కూతనే గంట అనుకోవాలని తీర్మానం.

వారానికి తలకొక పెన్నీ కానుక.
ఇక్కడ వేలు ఆగింది.
కావలి దగ్గర మా అమ్మమ్మ
ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి
దేవుడి డబ్బాలో వేసేది.
పెన్నీ మోగుతుంది,
బియ్యం మోగదు.

డెబ్బై తొమ్మిది, మార్చి:
"హన్నా ప్రౌడ్‌లాక్, వితంతువు, ఇంటి ముందుగదిలో బీరు అమ్ముచున్నది.
రెండు మార్లు హెచ్చరించడమైనది.
పేరు కొట్టివేయడమైనది."
స్కేలు పెట్టి గీశారు ఆ గీత.
అంత నీటుగా ఉండటమే నాకు మింగుడుపడలేదు.
సంతకం పెట్టిన పెద్దల్లో ముగ్గురైనా
ఆ ముందుగది గడప తొక్కినవాళ్ళేనని నా అనుమానం.
పుస్తకం ఆ ఊసెత్తదు.

ఎనభై రెండు, ఫిబ్రవరి.
మూడు పేజీలు ఖాళీ.
నాలుగో పేజీలో ముప్పై ఒక్క పేర్లు.
గ్యాసు పేలింది.
థర్ల్‌వెల్‌లు ఇద్దరూ ఉన్నారు,
సగం మనిషి అప్పటికి నిండు మనిషి, ఇరవై ఏడేళ్ళు.

తర్వాతిది పుస్తకంలో లేదు.
విన్నీ షీల్డ్స్ గారు, తొంభై ఒకటి, టీ కప్పు వణుకుతుండగా
వాళ్ళ నాయనమ్మ మాటగా చెప్పింది.

శవాల్ని ఈ బెంచీల మీదే పరిచారట.
మంచు పడుతోంది, కడగడానికి వేణ్ణీళ్ళు కావాలి.
అంత పెద్ద రాగి కాగు ఊళ్ళో ఒక్కరికే ఉంది,
బీరు కాచే హన్నాకి.
పిలవకుండానే తోపుడుబండి మీద వేసుకొచ్చింది.
రెండు రాత్రులు, ఒక పగలు కడిగింది.
ముఖాలు ఆనవాలు చిక్కని చోట
అరచేయి తిప్పి చూసి పేరు చెప్పింది.
కప్పు పట్టుకున్న చేతులు
ఆమెకి తెలియనివా?
పెద్దలు తల వంచుకుని రాసుకున్నారట.

పుస్తకంలో రెండే వాక్యాలు:
"కాగు బాడుగ: ఆమె పుచ్చుకొనలేదు.
ప్రౌడ్‌లాక్ పేరు తిరిగి చేర్చడమైనది, చర్చ లేదు."
ఈసారి సిరా అలుక్కుపోయింది.

మిగతా మూడు పుస్తకాలూ త్వరగా తిరిగిపోతాయి.
హార్మోనియం. హార్మోనియం మీద తగాదా.
రెండు యుద్ధాలు, గోడకి రెండు రాతిపలకలు.
ఒక క్రిస్మస్‌కి కేకులో ఉప్పు ఎక్కువైందని ఎవరో
నిజంగానే నమోదు చేశారు.
గని మూతపడ్డ ఏడాది కూత ఆగిపోయి
ఆరాధన వేళ ఎలా తెలుస్తుందని పెద్ద చర్చ.
పాత గడియారమొకటి కొన్నారు, పది నిమిషాలు వెనక.
ఇప్పటికీ మేం అందరం దాని ప్రకారమే
ఆలస్యంగా వస్తాం.

పైనుంచి ఉత్తరం వచ్చింది.
భవనం అమ్మకం సంగతి.
విన్నీ గారికి చదివి వినిపించాను.
ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని
మళ్ళీ పెట్టుకోలేదు.

ఆ కాగు ఇంకా మా దగ్గరే ఉంది.
ప్రసంగపీఠానికి ఎడమపక్క, కప్పు కారే చోట పెట్టాం.
ప్రార్థన మధ్య మౌనంలో
అది ఒక్కొక్క బొట్టే అందుకుంటుంది.

కలం తీసి ఇవాళ్టిది రాశాను:
నవంబరు, రెండో ఆదివారం. వాన.
హాజరు ఆరుగురు.
ఉత్తరం చదివితిమి, జవాబు వాయిదా.
కాగు రెండుసార్లు పారబోయడమైనది.